ఎర్తుకు ఒక బిందె

ప్లగ్గు పీకి పన్నెండు నిమిషాలైంది. ఇంకా నలభై ఎనిమిది నిమిషాలు నేను ఈ వీడియో గేమ్ పెట్టె వెనక, గోడకూ దానికీ మధ్య ఉన్న సందులో, ప్లాస్టిక్ స్టూలు మీద చేతులు ముడుచుకుని కూర్చోవాలి. మా నాయన కదిరప్ప పెట్టిన రూలు అది. పిక్చర్ ట్యూబున్న పెట్టె ఏదైనా సరే, కరెంటు తీసేశాక గంటసేపు దాని జోలికి పోకూడదు. గంటే ఎందుకు, ముప్పావు గంటైతే ఏం, రెండు గంటలైతే ఏం అని చిన్నప్పుడు అడిగితే, గంటంటే గంటే అన్నాడు. ఆయన దగ్గర పని నేర్చుకోవడమంటే సగం పని, సగం ఇట్లాంటి జవాబులు. ఇప్పుడు నాకు ముప్పై రెండేళ్లు, గోరంట్లలో సొంత షాపు, మిక్సీలు, ఎల్ఈడీ టీవీలు, సీసీ కెమెరాలు, బోరు స్టార్టర్లు, ఊళ్లో ఏది కాలినా ఈ కృపాకుమారి దగ్గరికే వస్తుంది, అయినా బుద్ధిగా ఫోన్లో గంటకు అలారం పెట్టుకుని కూర్చున్నాను. ట్యూబు మీద చెయ్యి వేసి ఎనిమిదేళ్లు దాటింది. ఇంకాసేపట్లో వేయబోతున్నాను. భయంగా ఉంది, దానికి ఇంకో పేరు పెట్టాల్సిన పని లేదు.

పెట్టె మాత్రం ముచ్చటగా ఉంది. నాకంటే జానెడు ఎత్తు, అంతా ప్లైవుడ్డు, పక్కల మీద కండలు తిరిగిన మనుషులు పిడికిళ్లు బిగించిన బొమ్మలు సగం చిరిగి సగం మిగిలి, ముందు రెండు కడ్డీలు, ఎర్రవీ పచ్చవీ బొత్తాలు, కింద రూపాయి బిళ్ల వేసే చీలిక. చిలమత్తూరు దాటాక హైవే మీద హోటల్ నడిపే రాజేంద్రన్న, హిందూపురంలో చదువుకునే రోజుల్లో కాలేజీ ఎగ్గొట్టి దీని ముందే నిలబడేవాడట. ఆ షాపు మూతపడి, ఇది పాత సామాన్ల కొట్లో దుమ్ము తింటుంటే పోయినేడు కొనుక్కొచ్చి క్యాషు కౌంటరు పక్కన నిలబెట్టాడు. బెంగుళూరు కార్లవాళ్లు దోసె వచ్చేలోపు ఆడతారు, లారీ డ్రైవర్లు దోసె తిన్నాక ఆడతారు. రెండు నెలలుగా బొమ్మ మసకబారి, కొట్టుకునే ఇద్దరిలో ఎవడు ఎవడో తెలియడం లేదు. ట్యూబు ముసలిదైంది. చదును తెర టీవీ ఒకటి బిగిస్తే అరగంట పని అన్నాను. పెళ్లాన్ని మార్చుకోమన్నట్టు చూశాడు. "ఆ గీతలు, ఆ ఉబ్బు లేకపోతే ఇది అదెట్లయితాదమ్మా?" అన్నాడు. ఆ మాటకు నాకు ముచ్చటేసింది, అందుకే బెంగుళూరులో ఇదే కొలతకు ఇంకో పాత మానిటరు వెతికి తెప్పించాను, ట్యూబూ బోర్డూ ఇనప చట్రమూ అంతా కలిపి. అది లారీలో రెండు బొంతల మధ్య పడుకుని వచ్చి అదిగో మూలనుంది. దాన్ని లోపల పెట్టాలంటే ముందు ఈ పాత ట్యూబును బయటికి తీయాలి. దీన్ని తీయాలంటే ముందు దీనిలో ఉన్నదాన్ని చంపాలి.

తెలియనివాళ్లకు చెబితే నమ్మరు. ప్లగ్గు పీకినా ట్యూబులో కరెంటు మిగిలే ఉంటుంది, ఇరవై వేల వోల్టులు, గంట కాదు, కొన్నిటిలో రోజుల తరబడి. ట్యూబు వీపు మీద ఒక పక్కగా రబ్బరు టోపీ ఒకటి అతుక్కుని ఉంటుంది, దాని కింద ఇనప బొత్తాము, ఆ బొత్తాము దగ్గరే అంతా. పొడుగాటి స్క్రూడ్రైవరుకు తీగ కట్టి, తీగ రెండో కొసను భూమిలోకి దిగిన ఎర్తుకు కలిపి, టోపీ కిందికి మెల్లగా దూర్చితే టప్పుమంటుంది, పీడ వదులుతుంది. ఆ తర్వాతే చెయ్యి. రెండు చేతులూ ఒకేసారి తగలకుండా ఎడమ చెయ్యి నడుము వెనక్కి, కాళ్లకు రబ్బరు చెప్పులు, మెడలో గొలుసు ఉండకూడదు. గొలుసు తీసి పర్సులో పెట్టాను, కళ్లకు అద్దాలు సిద్ధం, ట్యూబు మెడ చిట్లితే గాజు ఎటు ఎగురుతుందో చెప్పలేం. అన్నీ సిద్ధమే, ఎర్తు ఒక్కటి తప్ప. పొద్దున రాగానే రాజేంద్రన్నను అడిగాను.

"అన్నా, మీ ఎర్తు గుంత యాడుండాది?"

"పార్కింగ్ టైల్స్ కిందుండాది. ఏం పనిపడింది?"

"బిందెడు నీళ్లు పొయ్యల్ల."

"తినేటోళ్లకే నీళ్లు చాలక రోజుకు రెండు ట్యాంకర్లు తెప్పిస్తాండా, నువ్వు మన్నుకు పోస్తానంటాండావే! ఆ ఎండిపోయిన బోరుకు కట్టుకో పో, ఏడొందల అడుగులు దిగినాది, దానికంటే మంచి ఎర్తు నీకు దొరకదు."

నిజమే. వంటింటి వెనక, గోడకు ఆనుకుని, నీళ్లెప్పుడూ చూడని బోరు ఇనప గొట్టం మూరెడు పైకి నిలబడి ఉంది. కిటికీలోంచి తీగ లాగి దానికి బిగించాను. రెండో కొస ఇక్కడ నా కాళ్ల దగ్గర చుట్టగా పడి ఉంది. అయినా మనసు కుదుటపడలేదు. నీళ్లు పోయని ఎర్తు. ఆ మాట తలచుకుంటేనే నాకు మెడ వెనక చల్లబడుతుంది, ఇరవై రెండేళ్లుగా అంతే.

ఇరవై నాలుగు నిమిషాలు. పెట్టె వెనక తలుపు తీసే ఉంది, ఒక ఈగ వచ్చి ట్యూబు మీదే వాలుతోంది, ఇంకెక్కడా వాలడం లేదు, దానికి అక్కడ ఏం తెలుస్తోందో. చిన్నప్పుడు టీవీ ఆర్పిన మరుక్షణం తెర దగ్గర ముంజేయి పెట్టేదాన్ని, రోమాలన్నీ లేచి నిలబడేవి, లోపల ఎవరో ఊదుతున్నట్టు. నాయనా, ఆర్పేసినాం కదా, ఇది ఎక్కడిది అంటే మిగిలింది అనేవాడు. ఎందుకు మిగిలింది? పొయ్యేకి దారి లేక. దారి ఎటు? భూమికి. అంతా భూమికే పోతుంది, భూమి తల్లి పీల్చుకుంటుంది అనేవాడు, చర్చిలో పెద్దగా ఆమెన్ చెప్పే మనిషే, కరెంటు దగ్గరికి వచ్చేసరికి భూమి తల్లి. నాకు అప్పుడూ అర్థం కాలేదు, ఇప్పుడూ కాదు, అంత భూమికి ఈ గాజు బుడ్డిలోని చిటికెడు కరెంటుతో ఏం పని?

పెట్టె వెనక తలుపు లోపలి వైపు ఒక కాగితం అంటించి ఉంది, పసుపుపచ్చగా మారి, అంచులు బొద్దింకలు కొరికి. అక్షరాలు ఏ దేశానివో, నాకు రావు. బొమ్మ మాత్రం ఎవరికైనా వస్తుంది. ట్యూబు, టోపీ, టోపీ కింద స్క్రూడ్రైవరు, దానికి తీగ, తీగ కొసన క్లిప్పు. నా దగ్గరున్న సామానే. అయితే ఆ క్లిప్పు ఎక్కడికి పోయిందో చూస్తే ఆశ్చర్యంగా ఉంది. ట్యూబు వీపంతా నల్లటి పూత ఉంటుంది, ఆ పూత మీద జడలా అల్లిన సన్నటి రాగితీగ ఒకటి బిగించి ఉంటుంది, బొమ్మలో క్లిప్పు దానికే పెట్టారు. అంతే. అక్కడితో అయిపోయింది. గీత ట్యూబు దగ్గర మొదలై ట్యూబు దగ్గరికే వచ్చింది. ఒకదాని కింద ఒకటి చిన్నవవుతూ మూడు గీతలు ఎర్తుకు గుర్తు, ఏ దేశంలోనైనా అదే గుర్తు, బొమ్మంతా వెతికాను, ఎక్కడా లేదు. వీళ్లు ఎర్తు మరిచిపోయారా? ఇంత పెట్టె చేసినవాళ్లు, స్క్రూలకు కూడా అంకెలు వేసినవాళ్లు?

మా ఇంట్లో ఎర్తును మరిచిపోవడం ఉండేది కాదు. ముదిగుబ్బలో మా మిద్దె ముందు, గడపకు నాలుగడుగుల దూరంలో గుంత, అందులో బొగ్గూ ఉప్పూ వేసి రాగి కడ్డీ దింపి ఉండేది. ట్యూబు విప్పే ప్రతి రోజూ పొద్దున ఆ గుంతలో ఒక బిందె నీళ్లు పోయాలి. ఎండిన నేలలో కరెంటు దిగదు, తడి ఉండాలి అనేవాడు నాయన, అది నిజమే, ఇళ్లకూ మోటార్లకూ అది నిజమే. వేరుశనగ మొలకెత్తకుండానే మాడిపోయే ఏడు కూడా, ట్యాంకరు నాలుగు రోజులకొకసారి వచ్చే ఏడు కూడా, ఆ బిందె తప్పేది కాదు. కదిరప్ప ఇంట్లో మనుషులకు లేకపోయినా మన్నుకు నీళ్లుంటాయని వీధంతా నవ్వేది. అమ్మ రామాంజినమ్మ నవ్వేది కాదు. ట్యాంకరు దగ్గర జుట్లు పట్టుకుని తెచ్చిన నీళ్లవి. ఆమె తెచ్చేది, నేను పోసేదాన్ని, నాయన స్క్రూడ్రైవరు దూర్చేవాడు, టప్పుమనేది. ముగ్గురం కలిసి ఒక ట్యూబును చంపేవాళ్లం. నాకు ఆ పని ఎంత ఇష్టమో, బిందె వంచగానే ఉప్పు వాసన లేచేది, నురగలా బుడగలొచ్చి మాయమయ్యేవి, ఆ నీళ్లు కిందికి ఎంత దూరం పోతాయో, ఎక్కడ ఆగుతాయో అని గుంత పక్కన బోర్లా పడుకుని చెవి పెట్టేదాన్ని.

ఐదో తరగతిలో ఉన్నప్పుడు ఒక పొద్దున పోయలేదు. బడిలో గ్రూపు ఫోటో. పది రోజులుగా తలకు నీళ్లు లేవు, జుట్టు అట్టలు కట్టింది, ముందు వరసలో నిలబెడతామని టీచరు చెప్పింది. బిందె నిండా నీళ్లు కళ్లముందు పెట్టుకుని, వాటిని మన్నులో పోయమంటే పదేళ్ల పిల్ల ఏం చేస్తుంది? దొడ్లోకి తీసుకుపోయి తలకు పోసుకున్నాను. చల్లగా, మెడ మీదుగా వీపు మీదికి, ఇప్పటికీ ఆ చల్లదనం చెప్పగలను. నాయన అడగలేదు, నేను చెప్పలేదు. ఆ ఫోటోలో నా ఒక్కదాని జుట్టే మెరుస్తుంటుంది. మధ్యాహ్నం బువ్వకు ఇంటికొచ్చేసరికి గడప మీద నెత్తురు, లోపల నాయన గోడకు కొట్టుకుని పడి ఉన్నాడు. ట్యూబు కొట్టింది. కొట్టినప్పుడు చెయ్యి ఎగిరిపడి ట్యూబు మెడకు తగిలి, గాజు పగిలి, కుడిచేతి రెండు వేళ్ల నరాలు తెగిపోయాయి. కళ్లు తెరిచి నన్ను చూసి ఆయనన్న మొదటి మాట, "నీళ్లు పోసినావా పాపా? చప్పుడు ఇన్యా గదా, మల్లెట్ల కొట్టింది?" కడిగిన నా జుట్టు చూసి అమ్మే చెప్పింది. "పొయ్యలే. తలకు పోసుకునింది." అంతే, ఆరు మాటలు కూడా లేవు. నాయన తల అటు తిప్పుకున్నాడు.

ఆ రెండు వేళ్లు మళ్లీ వంగలేదు. సోల్డరింగ్ కడ్డీ పట్టుకోవాలంటే అవే కావాలి. వారం తిరగకుండా ఆ కడ్డీ నేను పట్టుకున్నాను, నేనే పట్టుకుంటానని ఏడ్చి మరీ. బడి నుంచి వచ్చి రాత్రి బువ్వ దాకా ఆయన చెప్పడం, నేను అంటించడం. సెలవుల్లో పిల్లలు బిళ్లంగోడు ఆడుతుంటే నేను రెసిస్టర్ల మీది రంగు గీతలు చదవడం నేర్చుకున్నాను. ఆ తర్వాత తొమ్మిదేళ్లు ఒక్క పొద్దు కూడా ఎర్తు బిందె తప్పలేదు, జ్వరమొచ్చినా మోశాను. పని వచ్చింది, బాగా వచ్చింది, ఇష్టం కూడా వచ్చింది, కాదనను, కానీ మొదలు మాత్రం ఇష్టం కాదు. అమ్మ ఎవరింటికి పోయినా, ఎవరు మా ఇంటికొచ్చినా ఆ కథ చెప్పేది. మా పాప నీళ్లు పొయ్యకనే వాళ్ల నాయన చెయ్యి పోయింది అని, కోపంగా కూడా కాదు, ఈ ఏడు వాన లేదు అన్నంత మామూలుగా. నేను పక్కనే తల దించుకుని వినేదాన్ని. ఎవరైనా నాయన చెయ్యి వైపు చూస్తే చాలు, ఇప్పటికీ, నా చూపు కిందికి పోతుంది.

ముప్పై ఎనిమిది నిమిషాలు. రాజేంద్రన్న తొంగి చూసి, "ఇంగా సావలేదా అది?" అన్నాడు. లేదన్నాను. టీ పెట్టి పోయాడు. టీ ఎందుకో కాగితం మీద ఉన్న బొమ్మ ముందు పట్టుకుని తాగుతున్నాను. గీత ట్యూబు నుంచి ట్యూబుకే. వెలుపల నల్లపూత. ట్యూబు లోపల కూడా అట్లాంటి పూతే ఉంటుంది, పగిలిన ట్యూబుల్లో చూశాను, టోపీ కింద బొత్తాము దానికే కలుస్తుంది. లోపలొక పూత, బయటొక పూత, నడుమ గాజు. నడుమ ఏదో అడ్డంగా పెట్టి ఇటొక రేకు, అటొక రేకు. అరే. ఇది నేను రోజూ చూసేదే కదా. ఫ్యాను కండెన్సరు. విప్పితే అందులో ఉండేది అదే, రెండు రేకులు, నడుమ పల్చటి పొర. ఈ ట్యూబు ఒక పెద్ద కండెన్సరు. కండెన్సరులో మిగిలిన కరెంటును ఎట్లా తీస్తాం? దాని కాళ్లు రెండూ ఒకదానికొకటి తాకిస్తాం. చిటుక్కుమంటుంది, అయిపోతుంది. ఎన్ని వేల కండెన్సర్లకు అట్లా చేశాను, ఒక్కదాన్నయినా ఎర్తు గుంత దగ్గరికి తీసుకుపోయానా? భూమి అడగలేదు దాన్ని. ఈ రేకు మీదున్నది ఆ రేకు దగ్గరికి పోవాలనుకుంటుంది, అంతే, దానికి ఇంకేమీ వద్దు.

టీ కింద పెట్టాను. మరి మా ఇంట్లో ఎట్లా పనిచేసింది? ఇరవై ఏళ్లు, కొన్ని వందల ట్యూబులు, నాయన తీగ ఎర్తు కడ్డీకే కలిపి ఉండేది, అయినా టప్పుమనేది, ట్యూబు చచ్చేది. కట్టుకథ అయితే పనిచేయకూడదు కదా. ఏది ఆ నల్లపూతను ఎర్తు తీగతో కలిపింది? కళ్లు మూసుకుని మా ఇంట్లోనే ఉండే నాయన షాపు చూశాను, గోడకు టీవీల గుట్ట, మేకుకు వేలాడే స్క్రూడ్రైవర్లు, నడుమ ఇనప బల్ల. ఇనప బల్ల. ట్యూబును బోర్లా పెట్టి, దాని చుట్టూ ఉండే ఇనప పట్టీ బల్ల అంచుకు ఆనేట్టు పెట్టేవాడు. నల్లపూత మీది జడతీగ ఆ పట్టీకే కొక్కెం వేసి ఉంటుంది. ఆ బల్ల కాలుకు నాయన ఎప్పుడో ఎర్తు తీగ చుట్టాడు, ఒకసారి ఎవరికో బల్ల ముట్టుకుంటే షాకు కొట్టిందని. బొత్తాము నుంచి స్క్రూడ్రైవరు, అక్కడి నుంచి తీగ, తీగ నుంచి బల్ల, బల్ల నుంచి పట్టీ, పట్టీ నుంచి పూత. చుట్టు తిరిగి ఇంటికొచ్చింది. మన్నులోకి దిగనే లేదు. మేము పోసిన నీళ్లను అది ఒక్కసారి కూడా తాకలేదు.

మరి ఆ రోజు? ఆ రోజూ అదే తీగ, అదే మనిషి, అదే బల్ల. కాదు. ఆగు. ఆ రోజు బల్ల లేదు. ఇంట్లోకి పరుగెత్తినప్పుడు నా మోకాలు దేనికో తగిలింది, చెక్క తగిలింది, చర్చి నుంచి తెచ్చిన పొడుగాటి చెక్క బెంచీ, దాని మీద పగిలిన ట్యూబు. పక్కింటి బయమ్మవ్వ మనవరాలు పెద్దమనిషి అయిందని ఫంక్షను, అన్నం గుండిగలు పెట్టుకోవడానికి ఇనప బల్ల ముందు రోజే మోసుకుపోయారు. చెక్క బెంచీ మీద ట్యూబు. స్క్రూడ్రైవరు బొత్తామును ఎర్తుకు కలిపింది, బయటి పూత మాత్రం దేనికీ కలవలేదు. ఎన్ని బిందెలు పోసినా కలిసేది కాదు. ట్యాంకరు మొత్తం ఆ గుంతలో తిప్పినా కలిసేది కాదు. తర్వాత నాయన ఒక చెయ్యి పట్టీ మీద, ఇంకో చెయ్యి టోపీ మీద వేశాడు. కలిపింది ఆయన చేతులే.

అలారం మోగింది. ఉలిక్కిపడ్డాను, నవ్వు కూడా వచ్చింది. ఊహ ఒకటి, కంటితో చూడటం ఒకటి. అద్దాలు పెట్టుకున్నాను. ఎడమ చెయ్యి వెనక్కి. ముందు నాయన పద్ధతి. ఇది చెక్క పెట్టె, మానిటరు చట్రం చెక్కకే బిగించి ఉంది, ఆ రోజు బెంచీ ఎట్లాగో ఇది అట్లాగే. క్లిప్పు బోరు తీగకు పెట్టి, ఏడొందల అడుగుల భూమిని వెంట పెట్టుకుని, స్క్రూడ్రైవరు పిడి కొసన పట్టుకుని టోపీ కిందికి దూర్చాను. చిటుక్. గోరుతో గాజు మీద కొట్టినంత. చప్పుడు ఇన్యా గదా అన్నాడు నాయన. వినే ఉంటాడు. ఇదే విని ఉంటాడు. ఇది విని ఎవరైనా అయిపోయిందనుకుంటారు. బయటికి తీశాను. చెమట అద్దాల మీదికి కారుతోంది. స్క్రూడ్రైవరు పక్కన పెట్టి, క్లిప్పు బోరు తీగ నుంచి ఊడదీసి, ఒంటి చేత్తో, బొమ్మలో చూపించినట్టు ఆ రాగి జడకు పెట్టాను. బోరూ లేదు, గుంతా లేదు, నీళ్లూ లేవు. మళ్లీ దూర్చాను.

టప్పుమంది. నీలంగా మెరిసింది. సందులో ఆ చప్పుడు ఎంత పెద్దగా ఉందంటే రాజేంద్రన్న గరిటె పట్టుకునే వచ్చాడు. "ఏమైందమ్మా, ఉండావా?" ఉన్నానన్నాను. అట్లాగే నిలబడి ఉన్నాను. ఒక్క బిందె అనుకున్నాను ఇరవై రెండేళ్లు. ఒక్క బిందె పోసి ఉంటే అనుకున్నాను, కనీసం చెంబుడు పోసి ఉంటే, సగం పోసుకుని సగం పోసి ఉంటే. ఎంత ఏడుపు వచ్చిందంటే అద్దాలు తీయాల్సి వచ్చింది. తేలికపడి వచ్చిన ఏడుపు, ఆ ముక్క దాచుకోను. రాజేంద్రన్న ఏమనుకున్నాడో, చల్లటి మజ్జిగ తెచ్చి పక్కన పెట్టి పోయాడు.

ఫోన్ చేశాను. నాయనకు చెప్పాలి, పాపం ఆయనకూ తెలియదు కదా, ఎందుకు కొట్టిందో తెలియకుండానే ముసలివాడైపోయాడు, ఎంత సంతోషిస్తాడో అనుకున్నాను. మంచం మీద ఉన్నట్టున్నాడు, ఫ్యాను చప్పుడు వినిపిస్తోంది.

"గంట ఆగినావా?" అన్నాడు ఎత్తగానే.

"ఆగినా. నాయనా, ఒకటడుగుతా. నీకు కొట్టిన పొద్దు మన ఇనప బల్ల యాడుండె?"

"బయమ్మోళ్లింట్లో."

వెంటనే అన్నాడు. ఇరవై రెండేళ్ల కిందటి మాట, ఏ పొద్దు, ఏ బల్ల అని అడగాలి కదా, తడుముకోవాలి కదా, నాకే గంట పట్టింది. ఆయనకు క్షణం పట్టలేదు.

"నీకు తెల్సా?"

"ఆ మాపటికే తెల్సింది పాపా. ఆస్పత్రి నుంచి వచ్చేతలికి బల్ల తెచ్చి ఆడ పెట్టిండ్రి. కాలుకు తీగ చుట్టి ఉండాది. చూస్తానే తెల్సింది."

"మరి నాకు చెప్పలేదే?"

"ఏం చెప్పేది. చెయ్యి పోయె. నువ్వేమో సోల్డరింగ్ నేను పట్టుకుంటా నాయనా అని ఏడిస్తివి. నీళ్లది గాదమ్మా, తప్పు నాది అంటే, నువ్వు మల్లా ఆడుకునేకి పోతావనుకున్యా. నాకు చెయ్యి గావల్సొచ్చింది."

అడిగి ఉంటే ఇచ్చేదాన్నే అందామనుకున్నాను. ఇచ్చేదాన్నేనా? పదేళ్ల పిల్ల, బయట పిల్లలు అరుస్తుంటే, తప్పేమీ లేకుండా కూర్చుని రంగులు చదివేదా? ఏమో. ఆ పిల్లను ఎవరూ అడగలేదు, ఇప్పుడు అడిగినా దొరకదు. ఆయన మీద జాలి రాలేదు. వస్తుందేమో, ఈ రోజు మాత్రం కోపమే ఉంది, కాళ్ల నుంచి నెత్తి దాకా అదే. ఆయన మోసుకున్నది రెండు వేళ్లు, నేను మోసింది ఆయన తప్పు, అది తెలిసీ పక్కన కూర్చుని సోల్డరింగ్ సరిగా పెట్టలేదని తిట్టాడు.

"అమ్మ ఉందా ఆడ?"

"ఉండాది. చింతపండు వొలుస్తాంది."

"ఆమెకు చెప్పు. ఇప్పుడే, నేను ఇంటాండగా చెప్పు."

"ఇప్పుడెందుకు పాపా, ఎన్నేండ్ల..."

"చెప్పు నాయనా."

మంచం కిర్రుమంది. ఫోను చేతిలోనే పట్టుకుని నడిచాడు. ఆయన గొంతు దూరంగా, చిన్నగా, ఒక్కో మాట మధ్య ఊపిరి తీసుకుంటూ వినిపించింది, ఇదిగో, ఆ పొద్దు ట్యూబు కొట్టింది నీళ్లు పొయ్యకపోతే గాదు, బల్ల లేక కొట్టింది, తప్పు నాదే, నాకు అప్పుడే తెల్సు అని. చింతపండు గింజలు పళ్లెంలో పడే చప్పుడు ఆగిపోయింది. నేను ఫోను చెవికి అదుముకుని పెట్టె వెనక నిలబడి ఉన్నాను. అమ్మ ఏమంటుందో నాకు తెలుసనుకున్నాను. ఎప్పుడో అయిపోయింది పోనీలే అంటుంది.

"ఏమంటివి? అప్పుడే తెల్సా?" అమ్మ గొంతు. "తెలిసి ఇన్నేండ్లు నోట్లో ఏం పెట్టుకోని ఉంటివప్పా? ఊరూరా నా నోటితో నా బిడ్డను తిట్టిస్తివే! పెండ్లి చూపులకొచ్చినోళ్ల ముందర గూడా అంటి గదా నేను, మా పాప వల్లనే వాళ్ల నాయన చెయ్యి పోయిందని, ఆ పిల్ల ఆడ్నే తల దించుకోని నిలబడుంటే, నువ్వు కూసోని టీ తాగితివి! మనిషివేనా నువ్వు? లెయ్ ఆడ్నుంచి. నా కండ్ల ముందర కూసోవద్దు, లెయ్..."

ఆయన ఏదో అనబోయాడు, ఆమె అననివ్వలేదు. గొంతు పెరుగుతూనే ఉంది, నడుమ నడుమ ఏడుపు వచ్చి మాట తెగుతోంది, మళ్లీ అందుకుంటోంది. పళ్లెం కింద పడింది కాబోలు. మూలన బొంతల్లో కొత్త ట్యూబు, లోపల పాత ట్యూబు, పనంతా అట్లాగే ఉంది, రాజేంద్రన్న రెండుసార్లు తొంగి చూసి పోయాడు. నేను కదల్లేదు. మా అమ్మ నా తరఫున తిట్టడం నేను పుట్టాక వినడం ఇదే మొదటిసారి. ఆమె అలిసిపోయి ఆపేదాకా ఒక్క మాట పోనివ్వకుండా విన్నాను.